పల్లె ఉపదేశి

స్వర్ణముఖీ తీరమున నున్న నాయుడుపేట మన శ్రోతలలో పెక్కుమందికి దారి మజిలీగానే తెలియును. చెన్నపట్టణమునుండి బెజవాడకు పోవు రైలుమార్గములో ఈ స్టేషనున దిగి, శ్రీకాళహస్తికో తిరుపతికో బస్సెక్కు యాత్రికులు ఊరివంక తిరిగి చూచుట అరుదు. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఈ పట్టణమునకు ఆంధ్రదేశపు క్రైస్తవ చరిత్రలో ఒక పుట కలదు. ఆ పుటను మేము ఒంగోలు చరిత్రతో జోడించి చదువదలచితిమి. దానికి కారణము లేకపోలేదు. 1878లో ఈ రెండూళ్లును నెల్లూరు జిల్లాలోనివే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడుగాని ఒంగోలు తాలూకా నెల్లూరును విడువలేదు. ఆ కరువు నాడు రెండూళ్లకును దొర ఒక్కడే, కలెక్టరు ఒక్కడే. అయినను జిల్లాకు దక్షిణపు కొసన సంఘము చుక్కచుక్కగా కూడినది. ఉత్తరపు కొసన వరదవలె వచ్చినది.

దక్షిణపు కథ జర్మనీలో ఆరంభమగును. హనోవరు రాజ్యమునందలి హెర్మన్స్‌బుర్గు అను పల్లెలో లూయీ హార్మ్స్ అను లూథరన్ పాస్టరు 1849లో ఒక మిషనును స్థాపించెను. అది పండితుల మిషను కాదు. బీడునేలలో సేద్యము చేసికొను రైతుబిడ్డలు, వడ్రంగులు, కమ్మరులు, ఆ పల్లెనుండియే దేశాంతరములకు సువార్తికులై వెడలిరి. సముద్రముమీద పోవుటకు ఆ పల్లెవారు తమ సొమ్ముతో ఓడనే కట్టించుకొనిరి. ఆ ఓడ మొదట దక్షిణాఫ్రికాకు పోయినది. తెలుగుదేశమునకు వారి పక్షమున వచ్చినవాడు ఆగస్టు మైలియస్. అంతకు పూర్వము తమిళదేశమున లైప్సిగు మిషనులో పనిచేసినవాడగుటచే ఈ దేశపు ఎండయు, కులకట్టుబాట్లును అతనికి క్రొత్తవి కావు. 1865లో సూళ్లూరుపేటలో పని ఆరంభమయ్యెను. తరువాత నాయుడుపేట, గూడూరు, వేంకటగిరి, శ్రీకాళహస్తి, తిరుపతి మొదలగు చోట్ల మిషను స్టేషనులు వెలసినవి. పటము తెరచి చూచినచో రైలు వచ్చుటకు ముందే వీరు భావి రైలుమార్గమును గీచినట్లు తోచును. నిజమునకు వీరు అనుసరించినది సంతలకును తీర్థములకును జనులు నడచు బాటలనే.

లూథరన్ల పద్ధతి నిదానమైనది. చేరగోరినవానికి ముందు లూథరు వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరి నేర్పవలెను. పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణము, ప్రభువు ప్రార్థన కంఠస్థము కావలెను. అక్షరము రానివాడు విని విని నేర్చుకొనవలెను. ఆ పిదపనే బాప్తిస్మము. ఒక్కొక్క కుటుంబమునకు నెలలు పట్టెడిది. నాయుడుపేట వంటి చోట్ల దశాబ్దములు గడచినను సంఘము వందలలోనే ఉండెను గాని వేలకు పోలేదు. స్వదేశమున చందాలిచ్చు రైతులకు ఏటేట పంపవలసిన నివేదికలలో చెప్పుకొన తగిన సంఖ్య లేకపోవుట ఆ పాస్టర్లకు ఎంత కష్టముగా నుండెనో మనము ఊహింపవచ్చును.

ఈ బాధ వారికొక్కరికే కాదు. నెల్లూరులో అమెరికను బాప్టిస్టులు 1840 నుండి పనిచేయుచుండిరి. స్థాపకుడు శామ్యూల్ డే, తరువాత లైమన్ జ్యూయెట్. పదుమూడేండ్లు గడచినను ఫలము అత్యల్పము. 1853లో అమెరికాలోని మిషను సంఘమువారు నెల్లూరును విడిచిపెట్టుదమా యని తర్కించుకొనిరి. పటమున ఒంటరి చుక్కవలె నున్న ఆ స్టేషనును గూర్చి శామ్యూల్ స్మిత్ అను కవి ఒక గీతము వ్రాయగా, సభవారి మనసు కరగి నెల్లూరు నిలిచినది. అప్పటినుండి దానికి 'ఒంటి నక్షత్రము' అను పేరు స్థిరపడినది. ఒక కవిత మిషనును నిలిపినదన్న మాట రేడియోలో కవిసమ్మేళనములు జరుపు మావంటివారికి చెవికింపుగా నుండును; కాని నిలిపినది కవిత మాత్రమే యని మేము వాదింపము. తాను పోవలసివచ్చినను నెల్లూరును విడువనని జ్యూయెట్ పట్టుపట్టెను. మరుసటి సంవత్సరము, 1854 జనవరి 1వ తేదీ వేకువను, జ్యూయెట్ మరి నలుగురితో కూడి ఒంగోలులోని గుట్టయెక్కి ప్రార్థించెను. ఆ గుట్టను నేటికిని ప్రార్థన కొండ యందురు.

ఆ ప్రార్థనకు ఫలము పండ్రెండేండ్లకు గాని కనబడలేదు. 1866లో ఒంగోలునకు వచ్చిన జాన్ క్లౌ పూర్వాశ్రమమున సర్వేయరు. అమెరికాలో నేలలు కొలిచినవాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనమండుగురు సభ్యులతో ఏర్పడినది. అయితే ఈ కథలో నాయకుడు క్లౌ యని మేమనుకొనము. తాళ్లకొండపాడు గ్రామవాసి యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ యాతడు. తోళ్ల వర్తకము చేయుచు ఊరూర తిరుగువాడు. క్రీస్తును గూర్చి వినుటకు మునుపే రాజయోగమార్గమున గురువు నాశ్రయించి ధ్యానము నేర్చినవాడు. తోలు కొనుటకు పోయిన ప్రతి పల్లెలోను తనకు దొరికిన క్రొత్త గురువును గూర్చి బంధువులతోను, బేరగాండ్రతోను చెప్పెను. అతని వెంట వచ్చినవారు వ్యక్తులుగా రాలేదు, వాడలుగా వచ్చిరి. పెండ్లిండ్లు, కులపంచాయతీ, తోళ్ల బేరము ఏ త్రోవను నడచినవో విశ్వాసమును ఆ త్రోవనే నడచినది.

అట్లు వచ్చినవారిని క్లౌ మూడు విషయములు కోరెను. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. చెప్పుటకు ఇవి చిన్నవి. గ్రామములో ఒక్కొక్కటి ఒక్కొక్క పిడుగు. జాతరలో డప్పు కొట్టుట మాదిగల విధి. అది కొట్టమన్నచో కొలుపు ఆగినది. ఆదివారమున మోటకు రాకున్నచో మడి యెండినది. రైతులు కోపించి వారి కూలి నిలిపిరి, పశువులను మేపనీయరైరి, కొన్నిచోట్ల నీటిదారులు మూసిరి. వెట్టిచాకిరికి పేరు లేని ఆ దినములలో ఆదివారపు విశ్రాంతి యన్నది వేదాంత విషయము కాదు, ఆర్థిక విషయము. క్రొత్తగా చేరిన కుటుంబమునకు కావలసిన అండ మొదట అక్కడనే కావలసివచ్చెను. కలెక్టరు కచేరీకి అర్జీ వ్రాయగలవాడెవడు? గ్రామకరణముతో తగవు పెట్టుకొనకుండ మాట్లాడగలవాడెవడు? దొర ఒంగోలులో నుండును. ప్రతి పల్లెలో నుండవలసినవాడు వేరొకడు.

అంతలో ధాత కరువు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిని పీడించిన ఆ క్షామమును మన పెద్దలు ఆ సంవత్సరపు పేరుతోనే చెప్పుకొనెడివారు. పనిలేక ప్రాణములు పోవుచున్నవారికి కూలి కల్పించుటకు ప్రభుత్వము సముద్రతీరమున కాలువ త్రవ్వించెను. దానికే తరువాత గవర్నరు పేరున బకింగ్‌హామ్ కాలువ యను పేరు వచ్చినది. నాయుడుపేటకు తూర్పున పులికాటు సరస్సుగుండ పోవునదియు ఆ కాలువయే. ఒంగోలువద్ద సుమారు మూడు మైళ్ల భాగమును క్లౌ కంట్రాక్టుకు తీసికొనెను. సర్వేయరు విద్య అక్కరకు వచ్చినది. పని చూచుటకు మేస్త్రీలుగా తన ఉపదేశులనే పెట్టెను. పగలు తట్టలు మోసినవారు విరామవేళ తమ మేస్త్రీ చుట్టు కూర్చుండి మాటలాడిరి. తాళ్లకొండపాడునుండి వచ్చిన పాట, కథ, ప్రార్థన ఆ మట్టిగుట్టలమీద వందల పల్లెలవారి చెవిని పడినది.

అందరును బాప్తిస్మమడిగిరి. క్లౌ ఇయ్యనన్నాడు. కరువు కూలి ఇచ్చుచు బాప్తిస్మ మిచ్చినచో కూటికై మతము పుచ్చుకొనిరని లోకమనును. వచ్చినవారికి కూడ తమ మనస్సు తమకు తెలియదు. సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని ఇయ్యలేదు. 1878లో సహాయధాన్యపు పంపకము ముగిసిన తరువాతనే తలుపు తెరచెను. గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు, ఒకసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి, అలసినప్పుడు మారుచు ఆ పని జరిపిరి. సంవత్సరాంతమునకు ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటినది.

2,222 అన్న అంకె ప్రపంచమంతట మ్రోగినది. ఇప్పటికిని పుస్తకములలో ఆ అంకె వద్దనే కథ ఆగును. మాకు ఆసక్తికరమైనది జూలై 5వ తేదీ. ఆ దినమున వారందరు నడచి తమ పల్లెలకు పోయిరి. చదువు రాదు, చేత పుస్తకము లేదు. గుడి లేదు. పది పదునైదు గడపల వాడలో ఏడేసి మైళ్ల దూరమున చెదరియున్న వేలమందికి ఆదివారము నడపువాడెవడు?

కూటికి వచ్చినవారన్న అపవాదు అప్పుడును ఉండెను, తరువాతను ఉండెను. ఈ చరిత్రను తొలిసారి చదివినప్పుడు మాకును అట్టి సందేహమే కలిగినది. నాయుడుపేట లూథరన్ల జాగ్రత్తయే మేలనియు, ఒంగోలు తొందర లోతులేనిదనియు తలచితిమి. ఆ అభిప్రాయమును మార్చినది వాస్కమ్ పికెట్ అను అమెరికను మెథడిస్టు 1933లో ప్రకటించిన పరిశోధన. భారతదేశమునందలి ఇట్టి సామూహిక ఉద్యమములను గ్రామగ్రామము తిరిగి పరిశీలించి అతడు తేల్చిన విషయములలో ఒకటి ఇది: ఎందుకు వచ్చిరన్న ప్రశ్నకంటె, వచ్చిన తరువాత వారికి ఎట్టి బోధన, ఎట్టి ఆరాధన, ఎట్టి పోషణ లభించినదన్నదే సంఘపు స్థితిని ఎక్కువగా నిర్ణయించినది. తప్పు కారణమున వచ్చి, మంచి ఉపదేశి దొరికి, నిలిచినవారు కలరు. శుద్ధమైన కోరికతో వచ్చి, పలుకరించువాడు లేక వాడిపోయినవారును కలరు.

కాబట్టి ఆ ఉపదేశిని గూర్చియే కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

ఒంగోలువారికి ఉపదేశులను తయారుచేసినది రామాయపట్నము. సముద్రపుగాలి వీచు ఆ రేవుపట్నమున 1870ల దశకారంభమున బాప్టిస్టులు వేదాంత పాఠశాల తెరచిరి. వచ్చిన విద్యార్థులు పెండ్లియై పిల్లలు గలవారు. కొందరికి అక్కడనే అక్షరాభ్యాసము. భార్యలును చదువుకొనిరి. ఇది ఆ కాలమున సామాన్యమైన మాట కాదు. మాదిగవాడనుండి వచ్చిన స్త్రీ పలక పట్టుకొని కూర్చుండుట ఆ పాఠశాల యొడిలోనే సాధ్యమైనది. పల్లెకు తిరిగి పోయిన తరువాత మగవాడు కూలికి పోయిన ఇండ్లలోనికి పోయి మాటలాడగలిగినది ఆమెయే. ఉపదేశికి జీతమిచ్చితిమని లెక్కలలో వ్రాసికొన్న మిషనులు ఆ యొక్క జీతముతో ఇద్దరి పని పొందినవని మేము ధైర్యముగా చెప్పగలము.

ఉపదేశి దినచర్య ఏమి? ఉదయమున చింతచెట్టు క్రింద బడి. ఇసుకమీద వ్రేలితో ఓనమాలు. మధ్యాహ్నము రోగియింట ప్రార్థన, లేదా తగవు. సాయంకాలము పొలమునుండి వచ్చినవారికి, వారు కునుకు తీయకముందే, ఒక కథ, ఒక పాట. రాత్రి దీపపుచమురు సంఘము పెట్టవలెను. పెట్టలేనినాడు చీకటిలోనే పాట. చనిపోయినవారిని పూడ్చుట, పెండ్లి పెద్దరికము, సంతకములు, ఉత్తరములు చదువుట, వ్రాయుట, అన్నియు అతనివే. గ్రామములో ఉత్తరము చదువగలవాడు కరణము తరువాత మాదిగవాడలోని ఉపదేశియే యైన ఊళ్లు కలవు. దీని పర్యవసానమును గ్రామాధికారులు త్వరగనే గ్రహించిరి. వారి కోపమునకు సగము కారణ మిదియే కావచ్చును.

చదువు రానివారికి విశ్వాసమును కంఠస్థము చేయించినది పాట. ఈ విషయమున తెలుగు క్రైస్తవులు పురుషోత్తమ చౌదరికి ఋణపడియున్నారు. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో మరణించిన ఆయన మన రాగతాళములలో, మన కీర్తనల వరుసలోనే రచించినాడు. పల్లవి, అనుపల్లవి తెలిసిన చెవికి ఆ పాటలు పరాయివి కాలేదు. బాప్టిస్టులు, లూథరన్లు, ఆంగ్లికన్లు సిద్ధాంతములలో ఎంత వేరుపడినను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమువద్ద ఒక్కటైరి. క్రిస్మసు దినములలో మా ప్రసారములకు వచ్చు గాయకబృందములు ఏ సంఘమువారని అడుగకయే ఏ పాట పాడుదురో ముందుగా చెప్పవచ్చును.

ఇక జీతము. అసలు చిక్కంతయు ఇచ్చటనే. పేరయ్య తరమువారు గురువులవలె తిరిగిరి. పోయిన ఇంట జొన్నన్నము తినిరి. కళ్లమువేళ శిష్యులు గింజలు కొలిచిరి. క్లౌకు ఆ పద్ధతి నచ్చినది. సంఘపు పెద్దరికమును కూడ అతడు మాదిగల పంచాయతీపద్ధతిమీదనే, వాడపెద్దల చేతనే నడిపించుటకు ప్రయత్నించెను. కాని వేలమందికి వందల ఉపదేశులు కావలసివచ్చినప్పుడు అమెరికా డబ్బు అనివార్యమైనది. డబ్బు వచ్చినప్పుడు నెలజీతము, నెలజీతముతో మేనేజరు, మేనేజరుతో చిట్టా వచ్చినవి. ఉపదేశి దృష్టి కళ్లమునుండి కచేరీవైపు తిరిగినది. సంఘస్థులును, "దొర ఇచ్చుచున్నాడు గదా, మనమెందుకు కొలువవలెను?" అని తలచిరి. కూటికి లేనివారిని చందా అడుగుట ఎట్లు అన్నది దయగల ప్రశ్నయే. అయినను ఆ దయ ఒక తరమునకు చేతులు కట్టివేసినదని మా అభిప్రాయము.

దాని ఫలితము నాయుడుపేట చూచినది. 1914లో యుద్ధము వచ్చినది. మన దేశములోని జర్మను మిషనరీలు ఒక్కనాటిలో శత్రుదేశీయులైరి. నిర్బంధ శిబిరములు, పిమ్మట స్వదేశమునకు ఓడ. హెర్మన్స్‌బుర్గునుండి వచ్చు రైతుల చందాలు ఆగిపోయినవి. బంగళాలు మిగిలినవి, బళ్లు మిగిలినవి, వాటిని నడపువారు పోయిరి. అమెరికాలోని ఒహాయో సినడ్ లూథరన్లు ఆ పనిని చేపట్టిరి. కాని వారి మిషనరీలు కొద్దిమందియే, స్టేషనులు పెక్కు. ఆ మధ్యకాలమున స్వర్ణముఖి ప్రాంతపు పల్లెలో ఆదివారము గంట మ్రోగినదన్నచో దానిని మ్రోగించినవాడు స్థానికుడైన ఉపదేశియే. అతనికి ఇంకెవరు కలరు? ఇచ్చట ఆ నిదానపు ప్రశ్నోత్తరి అక్కరకు వచ్చినది. నెలల తరబడి వల్లించి నేర్చినది దొర లేనినాడు మరచిపోలేదు. లూథరన్ల నిదానమును గూర్చి మేము ఒంగోలు చదివిన తరువాత తగ్గించుకొన్న గౌరవమును ఈ పుట చదివి మరల కొంత పెంచుకొంటిమి.

1945లో ఈ ప్రాంతపు సంఘములన్నియు దక్షిణాంధ్ర లూథరన్ సంఘముగా ఏర్పడినవి. కేంద్రము తిరుపతి. వేంకటేశ్వరుని కొండ క్రింద లూథరన్ సంఘపు ముఖ్యస్థానముండుట క్రొత్తవారికి వింతగా తోచును. ఆ ఊరివారికి తోచదు.

కళ్లమును మరల కనిపెట్టినవాడు దోర్నకల్లు బిషప్పు అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పైనాడు. తెలుగు నేర్చి, ఎడ్లబండిమీదను సైకిలుమీదను మాల మాదిగ పల్లెలు తిరిగి, 1945 జనవరి 1న మరణించువరకు ఆ మండలము విడువలేదు. అతని కాలమున దోర్నకల్లు మండలమును వరదయే ముంచెత్తినది. అతడు చేసిన ఏర్పాటు చాల సాదా యైనది. ఉపదేశిని ఒంటరిగా పంపడు, దంపతులనే శిక్షణమిచ్చి పంపును. ప్రతి ఇల్లాలు వండునప్పుడు పిడికెడు బియ్యము వేరు కుండలో వేయును. కోతలకాలమున ప్రథమఫలము గుడికి తెత్తురు. విత్త మర్పణము చేయుట క్రైస్తవుని ధర్మములలో ఒకటియని అతడు ఒక పుస్తకమే వ్రాసెను. పేదవాడు ఇయ్యలేడన్న మాటను అజరయ్య ఒప్పుకొనలేదు. పేదవానిని ఇయ్యవద్దనుట అతనిని తక్కువచేయుటయే యని అతని తలంపు. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్లు దేవాలయమును చూచినవారికి స్తంభములలో మన దేవళములు, గుమ్మటములలో మన మసీదులు కనబడును.

తరువాతి మార్పులను త్వరగా దాటుదము. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. 1950లో రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల పట్టికను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు కలిగినది గాని క్రైస్తవులకు కలుగలేదు. దానివలన పల్లెలోని విశ్వాసికి సంఘపు రిజిస్టరులో ఒక పేరు, తాలూకా కచేరీలో ఒక పేరు ఏర్పడినవి. ఉపదేశి పనికి ఇదియొక క్రొత్త బరువు. 1964లో రాజమండ్రిలో వివిధ సంఘములు కలసి స్థాపించిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల తరువాత హైదరాబాదునకు తరలినది. భక్తసింగు ఉద్యమము మొదలుకొని, విదేశపు మిషను అండ లేని స్వతంత్ర సంఘములు వెలసినవి. రేకుల షెడ్డులో ప్రార్థన, మైకు, నేలమీద చాపలు. వీటిని నేడు ఏ మండలములోనైనను చూడవచ్చును.

ఆ షెడ్డులోని పాస్టరు పలువిధముల పేరయ్యకు దగ్గరివాడు. మిషను జీతము లేదు. కొందరు వారమంతయు ఆటో నడిపి, లేదా కట్టుబడి పనికి పోయి ఆదివారము బోధింతురు. రామాయపట్నములో ఏండ్లు చదివినవాని విద్య వీరిలో అందరికిని లేదు. చదువవలెనన్న కోరిక ఉన్నను ఇల్లు విడిచి కళాశాలకు పోవు వీలు లేదు. సాయంకాలపు తరగతులు, వారాంతపు పాఠములు, వృద్ధపాస్టరు వెంట తిరిగి నేర్చుట, ఇప్పటి వేగమునకు ఇవియే అందుబాటులో నున్న రామాయపట్నములు. పాస్టరు భార్య నేర్చునా, నేర్వదా యన్న ప్రశ్న మాత్రము 1870లలో ఒంగోలువారు వేసికొన్నంత గట్టిగా నేడు వేసికొనుట లేదని మాకు తోచును.

కోతల పండుగనాడు నాయుడుపేట వైపు ఏదైన పల్లె గుడికి పోయి చూడవచ్చును. బలిపీఠముముందు వడ్లబస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజు, ఒక గంపెడు గ్రుడ్లు. ఆరాధన ముగియగనే ఆవరణములో వేలము. అర్పించినవాడే తన గుమ్మడికాయను మరల పాడును. పక్కింటివాడు పట్టుదలకు పోయి ధర పెంచును. ఒకడు కొన్నదానిని మరల గుడికే ఇచ్చివేసి మరల వేలమునకు పెట్టించును. సంతలో నలుబది రూపాయలు చేయని కాయ నాలుగు వందలకు పోవును. ఒక ప్రక్కన బల్లమీద సంఘపెద్ద పేర్లును మొత్తములును నోటుబుక్కులో వ్రాసికొనుచుండును. ఆ వ్రాసికొనునది రాబోవు సంవత్సరమునకు పాస్టరు జీతము.